హాన్సు క్రిస్టియన్ ఆండర్సన్ – పిల్లల కథకుడు

ఈ వార్షిక సంచిక కొఱకు విద్యార్థులు వ్రాసి యిచ్చు కథలను చదువు పని కొన్ని యేండ్లుగా మాకు అప్పగింపబడుచున్నది. వానిలో పెక్కు కథలు చిన్న తరగతుల పిల్లల కొఱకని వ్రాయబడినవే. ప్రతి కథలోను ఒక మంచి బాలుడుండును, ఒక చెడ్డ బాలుడుండును, మంచివానికి బహుమానము, చెడ్డవానికి శిక్ష, చివర నీతి. అట్టి కథను మూడవ తరగతి పిల్లలకు చదివి వినిపించితిమేని రెండవ పుట తిరుగక మునుపే వారు కిటికీవైపు చూడసాగుదురు. పిల్లలకు నచ్చు కథ ఎట్లు వ్రాయవలెనని కొందఱు విద్యార్థులు మమ్ము అడిగిరి. లక్షణములను ఏకరువు పెట్టుటకంటె, ఆ పనిని లోకమంతయు మెచ్చునట్లు చేసిన ఒకని జీవితమును చెప్పుట మేలని తోచి యిది వ్రాయుచున్నాము.

డెన్మార్కు దేశమున ఫ్యూన్ అను ద్వీపమునందు ఓడెన్సె యను పట్టణము కలదు. 1805వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన అచ్చట చెప్పులు కుట్టి జీవించు ఒక పేదవాని యింట హాన్సు క్రిస్టియన్ ఆండర్సన్ జన్మించెను. ఇల్లనగా ఒకే గది. అందులోనే తండ్రి పనిముట్లు, అందులోనే పడక. ఒక ప్రభువు శవపేటిక నుంచుటకై చేయబడిన కొయ్యచట్రమును కొనితెచ్చి తండ్రి ఆ మంచమును చేసెననియు, నల్లగుడ్డ పీలికలు దాని కింకను అంటుకొనియుండెననియు ఆండర్సన్ తన స్వీయచరిత్రమున చెప్పుకొనెను. తండ్రికి చదువన్న ప్రాణము. కాని పెద్దబడికి పోవు భాగ్యము అతనికి కలుగలేదు. సాయంకాలములందు అతడు కుమారునికి అరేబియా రాత్రుల కథలును, హోల్బెర్గు అను నాటకకర్త వ్రాసిన ప్రహసనములును చదివి వినిపించుచుండెను. కొయ్యతో చిన్న బొమ్మలాట రంగము నొకదానిని చేసి యిచ్చెను. బాలుడు వీధిలోని పిల్లలతో ఆడుట తక్కువ. బొమ్మలకు గుడ్డలు కుట్టుచు, వానిచేత మాటలాడించుచు కాలము గడపుచుండెను.

అతని నాయనమ్మ పిచ్చివారి ఆసుపత్రి తోటలో పని చేయుచుండెడిది. ఆ ఆవరణలో బీద ముసలమ్మలు కొందఱు కూర్చుండి నూలు వడకుచుండిరి. బాలుడు వారియొద్దకు పోయి, తలుపుమీద సుద్దముక్కతో మనుష్యుని గుండెకాయను, ఊపిరితిత్తులను, ప్రేగులను తనకు తోచినట్లు గీచి, అవి యెట్లు పని చేయునో ఉపన్యసించును. అందులో నిజమెంతయో అతనికే తెలియదు. ముసలమ్మలు మాత్రము వాని తెలివికి విస్తుపోయి, ఇంత తెలివిగలవాడు ఎక్కువ కాలము బ్రతుకడని తమలో తాము చెప్పుకొని నిట్టూర్చెడివారు. ప్రతిఫలముగా తమకు వచ్చిన కథలన్నియు వానికి చెప్పెడివారు. మన పల్లెలలో పేదరాసి పెద్దమ్మ కథలు ఎట్లు నోటినుండి చెవికి దిగివచ్చినవో అవియు నట్టివే. పుస్తకమును కనుగొనక పూర్వమే ఈ బాలుడు కథను గొంతులో విని నేర్చెను. తరువాత జరిగినదంతయు దీనిని మనసున నుంచుకొని చదువవలెను.

1816లో తండ్రి మరణించెను. తల్లి యేటిలో మోకాలిలోతు చల్లని నీట నిలిచి పరుల బట్టలు ఉదుకుచు కుమారుని పోషించెను. 1819లో చర్చిలో దృఢీకరణ సంస్కారమునకై బాలునికి మొదటిసారిగా క్రొత్త జోళ్లు కొనబడెను. వానిని అందఱును చూడవలెనని లాగుకాళ్లను జోళ్లలోనికి దోపుకొని, చర్చిలో నడచునప్పుడు అవి కిఱ్ఱుకిఱ్ఱుమనుచుండగా ఆ చప్పుడు అందఱకును వినబడుచున్నదని అతడు లోలోన ఉప్పొంగెనట. అంతలోనే తన తలపు దేవునిమీదగాక జోళ్లమీద నున్నదని తోచి మిక్కిలి కలత చెందెనట. ఇరువదియాఱేండ్లకు పిమ్మట, 1845లో, ఎఱ్ఱజోళ్లు అను కథ ఆ కిఱ్ఱుమను చప్పుడునుండియే పుట్టెను. కథావస్తువు దొరకుటలేదని మాతో చెప్పు విద్యార్థులు ఈ జోళ్లను ఒకసారి చూడవలెను.

ఆ యేడే సెప్టెంబరు నెలలో, పదునాలుగేండ్ల ప్రాయమున, చిన్న మూట చేతబట్టుకొని అతడు రాజధానియైన కోపెన్‌హాగనుకు బయలుదేరెను. నాటకశాలలో చేరి పేరు పొందవలెనని అతని ఆశ. అక్కడ మూడేండ్లు పడిన పాట్లను విస్తరింప నవసరము లేదు. పాడెను, కంఠము మారిపోయెను. నృత్యము నేర్వబోయెను, పొడవైన కాళ్లు, ఎముకలు తేలిన శరీరము అందుకు పనికిరాలేదు. నాటకములు వ్రాసి యిచ్చెను, తిరిగివచ్చెను. అయినను నాటకశాల పాలకులలో ఒకడైన యోనాస్ కోలిన్ అనునతడు ఈ పిల్లవానియందు ఏదో యున్నదని గ్రహించి, రాజుగారి ధనసహాయము సమకూర్చి, 1822లో స్లాగెల్సె పట్టణమునందలి పాఠశాలకు పంపెను.

ఉపాధ్యాయులమైన మాకు ఈ కథలో మిక్కిలి కష్టముగ తోచు భాగమిదియే. పదునేడేండ్ల యువకుడు పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లల నడుమ బల్లపై కూర్చుండెను. ప్రధానోపాధ్యాయుడైన సీమోన్ మైస్లింగు గొప్ప పండితుడు. గ్రీకు లాటిను భాషలయందు ఆరితేఱినవాడు. కాని శిష్యుని పరిహసించి సరిదిద్దవచ్చునని నమ్మినవాడు. కవిత్వము వ్రాయరాదని ఆయన శాసించెను. 1826లో ఎల్సినోరు పట్టణమునకు ఆయన మాఱినప్పుడు ఆండర్సన్‌ను వెంట తీసికొనిపోయెను. ఆ కాలముననే ఆండర్సన్ నిషేధమును మీఱి ఒక చిన్న పద్యము వ్రాసెను. మరణశయ్యపై నున్న బిడ్డ తల్లితో పలుకు మాటలవి. బిడ్డనుగూర్చి పెద్దలు వ్రాసిన పద్యములు అంతకుముందు పెక్కులు కలవు. ఇందులో బిడ్డయే మాటలాడుచున్నది. ప్రధానోపాధ్యాయుడు దానిని చదివి కొఱగానిదని త్రోసివేసెను. సంగతి తెలిసి కోలిన్ 1827లో అతనిని ఆ బడినుండి తప్పించెను. ఆ పద్యము అదే యేట పత్రికలో అచ్చుపడి అనేకుల మన్నన పొందెను. అయినను వృద్ధుడైన తరువాత సయితము ఆండర్సన్‌కు ఆ ప్రధానోపాధ్యాయుడు కలలో కనబడుచుండెను.

మైస్లింగును నిందించుట సులభము. మేమును ఒక సంగతి చెప్పుకొనవలెను. చాల యేండ్ల క్రిందట మా తరగతిలో ఒక బాలుడు వ్యాసపుస్తకమున రోలును రోకలియు పోట్లాడుకొన్న కథ వ్రాసెను. రోకలి యెంత కొట్టినను రోలు ఏడ్వదనియు, ఏ తప్పును చేయని వడ్లగింజలే బెదరి యెగిరి పాఱిపోవుననియు అందుండెను. వాడు దానిని తన యింటి మాటలలోనే వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో ఆ మాటలన్నిటిని కొట్టివేసి, పైన గ్రాంథిక రూపములు వ్రాసి, అడుగున నీతి యెక్కడనని ప్రశ్నించి, పదింటికి నాలుగు మార్కులు వేసితిమి. ఆ యేడు ఆ బాలుడు మఱియొక కథ వ్రాయలేదు. మిగిలిన ముప్పది పుస్తకములలోని నీతికథలలో ఒక్కటియు మాకు జ్ఞాపకము లేదు. ఆ వడ్లగింజలు మాత్రము నేటికిని జ్ఞాపకమున్నవి.

ఆండర్సన్ 1828లో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షయందు కృతార్థుడయ్యెను. తరువాత ప్రయాణములు చేసెను. ఇటలీ దేశము చూచి వచ్చి, అచ్చటి జీవితము నాధారముగా చేసికొని ఒక నవలను వ్రాసి 1835లో ప్రకటించెను. దానితో ఆయనకు పేరు వచ్చెను. అదే సంవత్సరము మే నెలలో పిల్లలకు చెప్పిన కథలని పేరుపెట్టి ఒక సన్నని పుస్తకమును వెలువరించెను. అందున్నవి నాలుగే కథలు. చెకుముకి పెట్టె, చిన్నక్లాసు పెద్దక్లాసు, బఠానీగింజమీది రాజకుమారి, చిన్నారి ఈడా పూవులు. మొదటి మూడును ఆయన బాల్యమున విన్న కథల ఛాయలు గలవి. నాలుగవది సొంత కల్పన. టీలె యను స్నేహితుని కూతురు ఈడా అను పసిపిల్లకు పూవులనుగూర్చి చెప్పిన ముచ్చటలే దానికి మూలము.

ఆయన కథ చెప్పు తీరును దగ్గఱనుండి చూచిన యెడ్వర్డు కోలిన్ – యోనాస్ కుమారుడు – ఒక పుస్తకమున వర్ణించెను. పిల్లలు బండి యెక్కి వెళ్లిరని పొడిమాటగా చెప్పి ఊరకుండుట ఆయనవలన కాదట. ఒక్కొక్కరు బండిలోనికి ఎగబ్రాకవలెను, అమ్మకు నాన్నకు సెలవు చెప్పవలెను, కొరడా ఛెళ్లుమనవలెను, గుఱ్ఱములు కదలవలెను. ముఖము, చేతులు, గొంతు అన్నియు కథ చెప్పుచుండెను. ఆయన చేసిన సాహసమంతయు ఆ చెప్పుడు తీరును మార్పక కాగితముమీదికి తెచ్చుటయే. నాటి డెన్మార్కులో పుస్తకములకొక భాష, నోటి కొక భాష యుండెను. ఆయన నోటిభాషలో, మాటల నడుమ వచ్చు ఊతపదములతోను, ఆశ్చర్యములతోను సహా వ్రాసెను. చెకుముకి పెట్టె కథ ప్రారంభమగుటయే సైనికుని యడుగుల చప్పుడుతో. ఎవ్వడతడు, ఏ వంశమువాడు అను పీఠిక లేదు. అందులో మూడు కుక్కలున్నవి. వాని కన్నులు పెద్దవని చెప్పి విడువలేదు. ఒకదాని కన్నులు తేనీటి గిన్నెలంత, రెండవదానివి మరచక్రములంత, మూడవదానివి కోపెన్‌హాగనులోని గుండ్రని గోపురమంత. ఆ గోపురము 17వ శతాబ్దమున కట్టబడి నేటికిని నిలిచియున్నది. ఆ పట్టణపు పిల్లలందఱు ఎఱిగినది. బఠానీగింజమీద పరచినవి ఇరువది పఱుపులు, వానిపై ఇరువది మెత్తని యీకల పఱుపులు. పిల్లలు లెక్కలను విడువరు. ఎన్ని, ఎంత, ఎక్కడ అని యడుగుదురు. ఆయన అడుగక మునుపే చెప్పెను.

ఇంతకు మేము ఈ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్నామని పై తరగతుల విద్యార్థులు నవ్వుకొనవచ్చును. నిజమే. మేము నేర్చిన బడి అట్టిది, చేయి అలవాటు పడినది. గిడుగు రామమూర్తి పంతులుగారు పుస్తకమునకును నోటికిని నడుమనున్న ఈ గోడనుగూర్చియే జీవితమంతయు వాదించిరి. పెద్దలకు వ్యాసము ఎట్లు వ్రాసినను వ్రాయవచ్చును గాని, ఆఱేండ్ల బిడ్డకు కథ చెప్పునప్పుడు మేమైనను చెప్పెనని, పోయెనని పలుకము. పలికినచో బిడ్డ మా ముఖము చూచును గాని కథ వినదు.

ఆ చిన్న పుస్తకమును విమర్శకులు మెచ్చలేదు. ఇది వ్రాయదగిన భాష కాదనిరి. పిల్లలకు ఉపయోగపడు నీతి యందు లేదనిరి. రాజకుమారి కథ చదివిన పిల్లలు గొప్పయింటి స్త్రీల చర్మము అంత సుకుమారముగా నుండునని భ్రమపడుదురని ఒక పత్రిక వాపోయెను. ఇట్టి వ్రాతలతో కాలము వ్యర్థము చేసికొనవలదని ఆయనకు హితవు చెప్పినవారును కలరు. విద్యుత్ప్రవాహము దిక్సూచి ముల్లును కదలించునని 1820లో కనుగొనిన ఓర్‌స్టెడ్ అను శాస్త్రజ్ఞుడు మాత్రము, నవల నీకు కీర్తి తెచ్చును, ఈ కథలు నీ పేరును చావనీయవు అను నభిప్రాయమును తెలిపెను. ఆండర్సన్‌కే అది నమ్మశక్యము కాలేదు. ఆయన నవలలను ఇప్పుడు చదువువారు కొద్దిమంది. కథలు నూటికి పైబడిన భాషలలో నున్నవి.

1837లో వెలువడిన మహారాజుగారి క్రొత్త దుస్తులు అను కథను ఆయన తీర్చిన విధము తెలిసికొనదగినది. మూలము స్పెయిను దేశపు ప్రాచీన గ్రంథములోనిది. జర్మను అనువాదమున ఆయన చదివెను. మూలకథలోని వస్త్రము జన్మశుద్ధి లేనివారికి కనబడదు. పిల్లల చెవికి ఇది తగదు. ఆండర్సన్ దానిని మార్చి, తన ఉద్యోగమునకు తగనివానికిని, మూఢునికిని కనబడని వస్త్రముగా చేసెను. మంత్రి మొదలుకొని అందఱును ఎందుకు అబద్ధమాడిరో చిన్నపిల్లకైనను ఇప్పుడు తెలియును. మూలమున నిజము పలుకువాడు రాజు గుఱ్ఱమును కాచు సేవకుడు. పోగొట్టుకొనుటకు వానికి ఏమియు లేదు. ఆండర్సన్ మొదట వ్రాసిన ప్రతిలో నిజము పలుకువాడే లేడు. ప్రజలందఱు దుస్తులను పొగడుదురు, రాజు ఊరేగింపులన్నిటికిని వానినే ధరింపవలెనని నిశ్చయించుకొనును, కథ ముగియును. అచ్చుకు పోయిన తరువాత, ప్రూఫులు దిద్దు సమయమున, ఆయనకు ఆ ముగింపు నచ్చక, ఎడ్వర్డు కోలినుకు జాబు వ్రాసి మార్పించెను. అప్పుడు వచ్చినది ఆ బిడ్డ. నేడు ఆ కథ పేరు చెప్పగానే అందఱకును స్ఫురించునది ఆ బిడ్డయే గదా! అది అచ్చుయంత్రము తిరుగుటకు కొంచెము ముందు వచ్చి చేరినదని తెలిసినప్పుడు మాకు ఒడలు జలదరించెను.

ఆయన కథలన్నియు మచ్చలేనివని మేము చెప్పము. అదే యేటి సాగరకన్య కథ తుదిని చూడుడు. అంతవఱకు కంట నీరు పెట్టించిన కథకుడు, చివర బడిపంతులై, మంచి పిల్లలు కనబడినచో ఆమె నిరీక్షణకాలమున ఒక యేడు తగ్గుననియు, చెడ్డ పిల్లలకై కార్చు కన్నీటిబొట్టు ఒక్కొక్కదానికి ఒక దినము పెరుగుననియు చెప్పును. ఈ లెక్క కథలోనుండి పుట్టినది కాదు, పైనుండి అతికినది. పిల్లలను బెదరించుటకు చేసిన ఈ యేర్పాటును మా తరగతిలో చదువునప్పుడు మేము విడిచివేయుదుము. మఱుసటి యేటి తగరపు సైనికుని కథలో ఇట్టి అతుకు లేదు. ఒక పాత తగరపు గరిటెను కరగించి ఇరువదియైదుగురు సైనికులను పోసిరి. చివరివానికి తగరము చాలక ఒంటికాలు వచ్చెను. ఆ తరువాత వానికి వచ్చిన కష్టములకు కారణము చెప్పబడదు. వాడు నిలిచిన తీరు మాత్రము చెప్పబడును. విను బిడ్డకు అది చాలును.

1843లో వెలువడిన సంపుటమున వికారపు బాతుపిల్ల కథ వచ్చెను. చిన్న కథయే, కాని దానిని తీర్చుటకు సుమారు ఒక సంవత్సరము పట్టెను. ఆ సంపుటమునుండి పిల్లలకు చెప్పినవను మాటను ఆయన పుస్తకపు పేరునుండి తొలగించెను. పెద్దలకు తగిన తలంపునొకదానిని తీసికొని పిల్లలకు చెప్పుదుననియు, తల్లిదండ్రులును ప్రక్కన కూర్చుండి వినుచుందురు గాన వారికిని ఆలోచించుటకు కొంత యుండవలెననియు ఆయన ఒక మిత్రునికి వ్రాసెను. 1845లో ఒక పంచాంగ ప్రకాశకుడు కొన్ని బొమ్మలను పంపి, ఒకదానికి కథ వ్రాయుమని కోరెను. వానిలో లుండ్‌బీ అను చిత్రకారుడు గీచిన అగ్గిపుల్లల నమ్ము బీదపిల్ల బొమ్మను ఆయన ఎన్నుకొనెను. ఆయన తల్లి చిన్నతనమున బిచ్చమెత్తుటకై తఱుమబడి, చేయి చాప మనసు రాక, ఓడెన్సెలోని వంతెన క్రింద దినమంతయు ఏడ్చుచు కూర్చుండెడిదట. ఆ సంగతి తెలిసినవారికి, ఆయన చేయి ఆ బొమ్మమీదనే ఏల పడెనో వేఱుగ చెప్ప నక్కఱలేదు. మరణమును పిల్లలకు చెప్పవచ్చునా యని కొందఱు తల్లిదండ్రులు మమ్ము అడుగుదురు. ఆ కథ విన్న తరువాత మా తరగతిలో కొంతసేపు నిశ్శబ్దముగా నుండును. మఱునాడు పిల్లలు దానినే మరల చెప్పుమందురు.

ఆయన స్వభావమున వింతలు కొల్లలు. నిప్పుకు మిక్కిలి భయపడి, బసలో మంట లేచినచో కిటికీనుండి దిగుటకని ప్రయాణములలో త్రాడు వెంట నుంచుకొనెడివాడు. 1857లో ఇంగ్లాండులో చార్లెస్ డికెన్సు ఇంటికి రెండు వారములకని పోయి అయిదు వారములుండి ఆ యింటివారిని విసిగించెను. ఆ పిమ్మట ఆ స్నేహము నిలువలేదు. వివాహము చేసికొనలేదు. ఎవ్వరి యింట విందునకు పోయినను జేబులో కత్తెర యుండును. కథ చెప్పుచు కాగితమును మడచి, ముక్కలు రాలునట్లు కత్తిరించుచుండును. కథ ముగియువేళకు కాగితమును విప్పగా నర్తకులు, హంసలు, కోటలు, వృక్షములు వరుసగా నిలిచియుండును. అట్టివి అనేకము నేటికిని భద్రపఱుపబడి యున్నవి.

ఓడెన్సె విడుచునాడు ఒక సోదె చెప్పు ముసలమ్మ, ఈ బాలుని గౌరవార్థము ఒకనాడు ఊరంతయు దీపములు వెలుగునని తల్లితో చెప్పెనట. 1867 డిసెంబరు 6వ తేదీన ఆ పట్టణము ఆయనను గౌరవ పౌరునిగా స్వీకరించి, ఆ రాత్రి దీపాలంకారము చేసెను. బడులకు సెలవిచ్చిరి. దివిటీల ఊరేగింపును చూచుటకు ఆయన కిటికీయొద్ద నిలిచెను. చలిగాలి లోనికి కొట్టుచుండగా ఆయనకు దుస్సహమైన పంటిపోటు. క్రింద పిల్లలు పాడుచుండిరి. పాట ఇంకను ఎన్ని చరణములున్నదో చేతిలోని కాగితమున లెక్కపెట్టుకొంటినని ఆయనయే వ్రాసెను.

ఆయన సప్తతి సమీపించినప్పుడు రాజధానిలో శిలావిగ్రహమో కంచువిగ్రహమో నిలుపవలెనని చందాలు పోగుచేసిరి. శిల్పులు తెచ్చిన నమూనాలలో పిల్లలు ఆయన చుట్టును మూగి, భుజములమీదికి వాలి కథ వినుచున్నట్లుండెను. ఆయన మండిపడెను. ఎవరైన వెనుకనుండి మీదికి వంగియుండగా తాను ఎన్నడును చదువజాలడనియు, తాను పిల్లలకు మాత్రమే వ్రాసినవాడు కాడనియు చెప్పి, ఆ పిల్లలను తీసివేయించెను. 1875 ఆగస్టు 4వ తేదీన, మెల్కియోరు అను మిత్రకుటుంబమువారి యింట, ఆయన కన్నుమూసెను. సాబ్యె యను శిల్పి మలచిన కంచువిగ్రహము 1880లో కోపెన్‌హాగనులోని రాజోద్యానమున నిలుపబడెను. ఆయన ఒంటరిగా కూర్చుండియున్నాడు. ఒక చేత పుస్తకమున్నది. రెండవ చేయి, వినువారు ఎదుట నున్నట్లు, కొంచెము ముందునకు చాపబడియున్నది.